మా జట్టు గెలిచిన ఏడు ఆటలు

రెండువేల పదకొండులో మా హైస్కూల్ ఫుట్‌బాల్ జట్టు ఒక్క ఆట కూడా గెలవలేదని రికార్డుల్లో ఉంటుంది. శుద్ధ అబద్ధం. ఏడు గెలిచింది. ఏడూ నేను ఆ ఇనప బెంచీల మీద చలికి వణుకుతూ కూర్చుని కళ్ళారా చూశాను. ఆ ఏడు గెలుపులూ పోయింది నా నోటి మూలంగానే. మా ఇంట్లోంచి ఒక కుటుంబం పెట్టెలు సర్దుకుని వెళ్ళిపోయింది కూడా అందుకే. స్కూలు పేరు చెప్పను. ఫార్మింగ్టన్ హిల్స్ చుట్టుపక్కల ఉండేవాళ్ళకి ఎలాగూ తెలుసు, మిగతావాళ్ళకి అక్కర్లేదు.

ఇక్కడ ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నేది కాదు. అందులో రన్నింగ్ బ్యాక్ అని ఒకడుంటాడు. బంతిని చంకలో ఇరికించుకుని, మీద పడేవాళ్ళ చేతుల్లోంచి జారిపోతూ పరిగెత్తడం వాడి పని. పోయినేడాది ఆ పని మా అబ్బాయి నీల్‌ది. ఈ ఏడాది మా ఆడపడుచు గౌరి వదిన కొడుకు అనుదీప్‌ది. ఇద్దరూ ట్వెల్త్ గ్రేడే, ఇద్దరూ మా బేస్‌మెంట్‌లోనే పడుకునేవాళ్ళు. మా ఆయన రవిశంకర్ ఎప్పుడో పన్నెండేళ్ళ కిందట అక్క కోసం పెట్టిన గ్రీన్ కార్డ్ అప్లికేషన్ పోయినేడాదికి పండింది. వదిన, వాళ్ళాయన బ్రహ్మయ్య గారు, అనుదీప్ తణుకు నుంచి తిన్నగా మా ఇంట్లో దిగారు. బ్రహ్మయ్య గారికి గ్యాస్ స్టేషన్‌లో పని దొరికింది. అనుదీప్‌కి ఫుట్‌బాల్ దొరికింది. తణుకులో వాడు కబడ్డీ ఆడేవాడు. ఏడుగురి మధ్యకి వెళ్ళి తాకి పారిపోయి రావడం వాడికి వెన్నతో పెట్టిన విద్య. మొదటి ఏడాది కోచ్ వాణ్ణి చిన్న జట్టులో ఆడించి చూశాడు. రెండో ఏడాది నీల్‌ని పక్కకి జరిపి ఆ చోట్లో వీణ్ణి నిలబెట్టాడు.

మూడో ఆట నాటికే మా తెలుగువాళ్ళ బెంచీలో యుద్ధం మొదలైంది. ఒక పక్క రాజారావు గారు. ఆయన పిల్లలెవరూ జట్టులో లేరు, కూతురు బ్యాండ్‌లో డ్రమ్ వాయిస్తుంది. అయినా ప్రతి ఆటకీ నోట్‌బుక్, బైనాక్యులర్స్ పట్టుకుని వచ్చేస్తారు. ఇంకో పక్క వరంగల్ మోహన్. అతని కొడుకే క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి అందరికీ అందించేవాడు.

"ఒక్కో పరుగుకి ఏడు గజాలండీ!" అన్నారు రాజారావు గారు నోట్‌బుక్ మీద పెన్నుతో కొడుతూ. "పోయినేడు మూడున్నర. దీనికి మించి ఏం కావాలి?"

"ఏడు గజాలు సరే అన్నా, మూడు ఆటలల్ల నాలుగుసార్లు బంతి జారిడిచిండు. గది రాసినవా బుక్కుల?" అన్నాడు మోహన్. "నా కొడుకు మీదికి దుంకెటోళ్ళను ఆపుడు గూడ రన్నింగ్ బ్యాక్ పనే. ఈ పోరనికి ఆపుడే తెల్వది. తప్పించుకొని ఉరుకుడే. నీల్ ఉన్నప్పుడు నా కొడుకు మీద ఈగ వాలలే."

"పోయినేడు మొత్తం మీద గెలిచింది మూడు. ఇప్పుడు వరసగా మూడు. గెలుపు కంటే లెక్కేముందయ్యా?" అని, అప్పటికి నేను పక్కనే ఉన్నానని గుర్తొచ్చి, "ఏమనుకోకండి చెల్లెమ్మా" అన్నారు ఆయన.

"అనుకోడానికేముందండీ, ఇద్దరూ మా పిల్లలే కదా" అని నవ్వాను. నవ్వానే కానీ లోపల భగ్గున మండింది. కన్నకొడుకు చేతులు కట్టుకుని గీత అవతల నిలబడి ఉంటే, వాడు మూడున్నర గజాలవాడని వినాలా నేను?

ఆ రోజు ఎదుటి జట్టులో గడ్డం పెంచుకున్న మహాకాయుడొకడున్నాడు. మోహన్ వాణ్ణి చూపించి, "గీనికి పెండ్లై పిల్లలుంటరు" అన్నాడు. అందరూ నవ్వారు.

"అలా కుదరదు" అన్నారు రాజారావు గారు. "సెప్టెంబర్ ఒకటికి పందొమ్మిది నిండితే ఆడకూడదు. తెలిసి ఆడించినా తెలియక ఆడించినా ఒకటే, వాడు ఆడిన గెలుపులన్నీ ఓటములుగా రాసేస్తారు."

ఆ రూలు అప్పటిదాకా నాకు తెలియదు.

అనుదీప్ పుట్టిన రోజు ఆ ఇంట్లో ఉన్నదాన్ని నేను. నా పెళ్ళి తొంభై రెండు ఫిబ్రవరిలో అయింది. ఆషాఢానికి పుట్టింటికి వెళ్ళి, శ్రావణంలో తణుకులో అత్తారింటికి తిరిగొచ్చాను. కొత్త కోడలి మొదటి వరలక్ష్మీ వ్రతమని మా అత్తగారు వీధి వీధంతా పిలిచారు. బూరెలకి పూర్ణం ఉండలు కడుతున్నాం. పురిటికొచ్చి ఉన్న గౌరి వదినకి తెల్లవారుతుండగా నొప్పులొచ్చాయి, ఎనిమిదింటికల్లా మగపిల్లాడు. ఇంట్లో పురుడొచ్చింది, ఇంక వ్రతమేమిటి? అమ్మవారికి సర్దిన పీట తీసేశారు. నేను పట్టుచీర విప్పి మడతపెట్టి, పాతచీర కట్టుకుని బాలింతరాలికి వేణ్ణీళ్ళు కాచాను. పేరంటానికొచ్చినవాళ్ళు వాకిట్లోంచే వెనక్కి పోయారు. ఏ ఆడదైనా అలాంటి రోజు మర్చిపోతుందా? తొంభై రెండు ఆగస్టు ఏడు, శుక్రవారం.

పాస్‌పోర్ట్‌లో మాత్రం తొంభై నాలుగు జూన్ పది. చిన్నప్పుడు ఒంట్లో బాగుండక వాడు రెండేళ్ళు ఆలస్యంగా బళ్ళో చేరాడు. "ఓ రెండేళ్ళు తగ్గించి రాయించుకోండమ్మా, రేపు గవర్నమెంటు ఉద్యోగమొస్తే సర్వీసు కలిసొస్తుంది" అన్నాడట హెడ్మాస్టరు. మా వైపు సగం మందికి రెండేసి పుట్టినరోజులు. మా ఆయనకీ ఉన్నాయి. దానివల్ల ఎవరికీ ఏ కీడూ జరగలేదు, ఈ దేశమొచ్చి ఫుట్‌బాల్ ఆడేదాకా.

అంటే వాడికి పందొమ్మిది నిండి అప్పటికే నెల దాటింది. బెంచీ మొత్తం ఈ కొత్త కుర్రాడు జట్టుకి లాభమా నష్టమా అని గొంతులు చించుకుంటోంది. వాడు గెలిపించిన ప్రతి ఆటా ఒక్కమాటతో పోయేదేనని ఆ మైదానంలో నాకొక్కదానికే తెలుసనుకున్నాను.

ఇంటికెళ్ళి రవిశంకర్‌కి చెప్పాను. తలుపు వేసొచ్చి మరీ కసిరాడు.

"నీకేమైనా మతిపోయిందా? పాస్‌పోర్ట్‌లో ఒక డేట్, నువ్వు చెప్పేది ఒక డేట్. గ్రీన్ కార్డ్ ఫైల్ మళ్ళీ తెరుస్తారు. అక్కావాళ్ళని రోడ్డున పడేస్తావా?"

"మరి జట్టులో నలభై మంది పిల్లలున్నారు, వాళ్ళ సంగతేంటి?"

"నలభై మంది సంగతా నీ బాధ? నీల్ సంగతా?"

మొగుడన్నవాడు అంత సూటిగా అడగకూడదు. నేను రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

నాలుగో ఆట గెలిచాం. ఐదోది గెలిచాం. ఆ రోజు అనుదీప్ ఒకే పరుగులో అరవై గజాలు పోయాడు. జనం లేచి నిలబడి అరుస్తుంటే గౌరి వదిన నా చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది. ఈ దేశమొచ్చాక ఆవిడ మొహంలో వెలుగు చూడ్డం అదే మొదలు. నేను కూడా చప్పట్లు కొట్టాను. చేతులు చప్పట్లు కొడుతున్నాయి, కళ్ళు గీత అవతల ఉన్న నీల్‌నే వెతుకుతున్నాయి.

ఆరో ఆట మధ్యలో రాజారావు గారు బైనాక్యులర్స్ దించి హఠాత్తుగా అన్నారు. "చెల్లెమ్మా, అనుదీప్ పుట్టినరోజు జూన్‌లో కదూ? మా అమ్మాయి చెప్పింది, స్కూల్లో కప్‌కేక్‌లు పంచాడట. మన నీల్‌ది జనవరి. మరి నీల్ వాణ్ణి బావా బావా అంటాడేంటి? పెద్దవాడు నీల్ కదా?"

మేనత్త కొడుకు పెద్దవాడైతేనే బావ, చిన్నవాడైతే పేరు పెట్టి పిలుస్తాం. ఇది తెలియని తెలుగువాడుంటాడా?

"వరసకి అలవాటైపోయిందండీ" అన్నాను.

"అలవాటా" అని ఆయన నా మొహంలోకి ఒక్క క్షణం చూశారు. ఆ తర్వాత నోట్‌బుక్‌లో తలదూర్చి గజాలు రాసుకున్నారు. మళ్ళీ ఎత్తలేదు ఆ మాట. ఆయనకి అర్థమైందేమో ఇప్పటికీ నాకు తెలియదు. అర్థమైనా ఆయన అడగరు. ఆరు ఆటలు వరసగా గెలుస్తున్నాం కదా.

ఇంతలో నీల్‌కి ఒక ఈమెయిల్ వచ్చింది. ఒహాయోలో ఒక చిన్న కాలేజీ. పోయినేడాది వాడి ఆట వీడియో పంపితే, అక్కడి అసిస్టెంట్ కోచ్ ఏడో ఆటకి స్వయంగా వస్తానన్నాడు. వాడికి కాలేజీలో ఆడాలని ఏడో తరగతి నుంచీ పిచ్చి. ఈమెయిల్ చూపిస్తూ నవ్వాడు. ఆ నవ్వు చూసి రెండు నెలలైంది.

"కోచ్‌కి చెప్పరా, ఆ ఒక్క రోజైనా నిన్ను ఆడించమని" అన్నాను.

"అలా అడగరు అమ్మా" అన్నాడు.

ఏడో ఆట శుక్రవారం. ఆ కాలేజీ ఆయన ఎర్రటోపీ పెట్టుకుని రెండో వరసలో కూర్చున్నాడు. నేను ఆట చూడలేదు, ఆయన్నే చూశాను. ఆ రోజు కోచ్ నీల్‌ని కూడా మైదానంలోకి దింపాడు కానీ, వాడికి బంతి రెండే రెండుసార్లు అందింది. మిగిలిన టైమంతా వాడు అనుదీప్‌కి ముందు పరిగెడుతూ, ఎదురొచ్చినవాళ్ళకి భుజం అడ్డం పెట్టి దారి చేశాడు. దారి చేసింది వీడు, చప్పట్లు వాడికి. ఆట అయ్యాక ఎర్రటోపీ ఆయన దిగి తిన్నగా అనుదీప్ దగ్గరికెళ్ళి చెయ్యి కలిపాడు. జేబులోంచి కార్డు తీసిచ్చాడు. నీల్ పక్కనే నిలబడి నీళ్ళు తాగుతున్నాడు.

అనుదీప్ ఆ కార్డు తీసుకోకుండా నీల్ వైపు చూపిస్తూ ఏదో చెప్పాడు. దూరం కదా, నాకు వినపడలేదు. ఏం చెప్పి ఉంటాడో ఆలోచించే స్థితిలో కూడా లేను.

మర్నాడు పొద్దున గౌరి వదిన దోసెలు పోస్తూ ఫోన్‌లో తణుకు వాళ్ళతో చెబుతోంది. "కాలేజీవాళ్ళే వెతుక్కుంటూ వచ్చారు మావాడి కోసం." నా చేతిలో గరిటె ఠప్పున గట్టు మీద పెట్టాను.

"వాళ్ళు వచ్చింది నీల్ కోసం వదినా."

ఆవిడ ఫోన్ కట్ చేసింది. "ఎవరి కోసం వస్తేనేం? ఎవడు బాగా ఆడితే వాణ్ణి చూశారు."

"పందొమ్మిది నిండినవాడు అసలు ఆడకూడదు. వాడి వయసు నీకూ తెలుసు, నాకూ తెలుసు. వాడు పుట్టినప్పుడు నీళ్ళు కాచింది నేను."

వదిన మొహం పాలిపోయింది. ఆ తర్వాత ఎర్రబడింది. "నీ ఇంట్లో ఉంటున్నామని ఎన్నాళ్ళ నుంచి దాచుకున్నావు రాధా ఈ విషం? నీ కొడుకుని పక్కన పెట్టారని నీకు కడుపుమంట. అంతేగా? అదొక్కటీ చెప్పు, ఒప్పుకుంటాను. రూల్స్ కబుర్లు నాకు చెప్పకు."

"నోర్ముయ్యండి ఇద్దరూ!" అని అరిచాడు రవిశంకర్. పెనం మీద దోసె మాడిపోయింది. బేస్‌మెంట్ మెట్ల మీద ఎవరో నిలబడి, మళ్ళీ కిందకి దిగిపోయిన చప్పుడైంది. నీల్ ఉన్నాడో, అనుదీప్ ఉన్నాడో తెలియలేదు.

ఆదివారమంతా ఆ ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప మాటల్లేవు. కడుపుమంట అన్న మాట నాకు నిద్రలో కూడా వినిపించింది. నిజమే కాబట్టి అంతలా వినిపించింది. సోమవారం పొద్దున మాత్రం నాకు నేను వేరేలా చెప్పుకున్నాను. తప్పు తప్పే, చెప్పడం ధర్మం, ఈ రోజు నేను చెప్పకపోతే రేపు వేరేవాళ్ళు బయటపెడితే పిల్లలందరి పరువూ పోతుంది. మంచి చీర కట్టుకున్నాను. పైన కోటు వేసుకుని లంచ్ టైమ్‌కి స్కూలుకి డ్రైవ్ చేశాను.

కోచ్ ఆరున్నర అడుగుల మనిషి, గొంతు మాత్రం చాలా మెత్తన. శాండ్‌విచ్ పక్కన పెట్టి కూర్చోమన్నాడు. నేను చెప్పాను. పండగ, పురుడు, ఆగిపోయిన పూజ, అన్నీ నా ఇంగ్లీషులో చెప్పాను. ఆయన అంతా విని అడిగాడు.

"మీ దగ్గర కాగితమేదైనా ఉందా?"

"లేదు. నాకు తెలుసు."

"అతని పాస్‌పోర్ట్ కాపీ నా దగ్గరుంది. తొంభై నాలుగు అనుంది." ఆయన రెండు చేతులతో మొహం తుడుచుకున్నాడు. "మ్యామ్, పందొమ్మిదేళ్ళ కిందటి మాట. మీరు పొరబడి ఉండచ్చా? వేరే పిల్లాడో, వేరే ఏడాదో అయ్యుండచ్చా?"

ఆ మనిషి నాకు తలుపు తీసి పట్టుకున్నాడు. అవునేమోనండి అంటే చాలు, లేచి ఇంటికి పోవచ్చు. నాకది తెలుస్తూనే ఉంది.

"పొరపాటు లేదు" అన్నాను.

"అయితే అతన్ని పిలిచి అడగాలి. అతను కాదంటే నేను పాస్‌పోర్ట్‌నే నమ్ముతాను. ఔనంటే ఏడు ఆటలూ పోతాయి. ఈ పోటీలు నడిపే సంఘానికి ఫోన్ చేసి నేనే చెప్పాలి."

బయటికొచ్చి కారు దగ్గర నిలబడ్డాను. ఏదో గెలిచినట్టే ఉంది. అప్పుడే పార్కింగ్ లాట్‌లో నీల్ కనిపించాడు. ఫ్రెండ్స్‌ని వదిలేసి నా వైపు పరిగెత్తుకొచ్చాడు.

"ఏంటమ్మా ఇక్కడ? ఎవ్రీథింగ్ ఓకే?"

"నీ చోటు నీకు తెచ్చానురా" అన్నాను. ఆ మాట అన్నప్పుడు నాకెంత గర్వంగా ఉందో, సిగ్గు విడిచి చెబుతున్నాను. మొత్తం చెప్పాను.

వాడు వింటూ వింటూ రెండడుగులు వెనక్కి వేశాడు.

"నాకు తెలుసు అమ్మా."

"ఏం తెలుసు?"

"బావకి నైన్టీన్ అని. ఆగస్ట్‌లోనే చెప్పాడు నాకు. రూల్ బుక్ చూపించాడు. నీల్, ఇది నీ ప్లేస్, నువ్వు వద్దంటే ఆడను, కోచ్‌కి మోకాలు నొప్పి అని చెప్తా, అన్నాడు. నేనే ఆడమన్నా."

"ఎందుకురా?"

"హీ ఈజ్ బెటర్. అంతే. రోజూ ప్రాక్టీస్‌లో చూస్తున్నా కదా. రాజారావు అంకుల్ నోట్‌బుక్ ఎందుకు, నన్ను అడిగితే నేనే చెప్పేవాడిని." వాడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "వీకెండ్ అంతా గ్యాస్ స్టేషన్‌లో నిలబడతాడు. వాడికి ఇది ఒక్కటే ఉంది ఇక్కడ. నాకు చాలా ఉన్నాయి."

"తప్పు కదరా అది?"

"తప్పే. ఐ నో. మేమిద్దరం చేశాం ఆ తప్పు." మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. "బట్ నా కోసం చేశానని చెప్పకు అమ్మా. నేను అడగలేదు."

ఆ మాటతో నా నెత్తిన పిడుగు పడింది. రూలు రూలే, దాంట్లో నాకు ఇప్పటికీ అనుమానం లేదు. కానీ నేను ఆ గదిలోకి వెళ్ళింది రూలు కోసం కాదు, నీల్ కోసం. వాడేమో ఆ చోటు రెండు నెలల కిందటే ఇష్టపడి ఇచ్చేశాడు.

పరిగెత్తాను. నలభై ఏళ్ళ ఆడదాన్ని, చీర కుచ్చెళ్ళు ఒక చేత్తో ఎత్తి పట్టుకుని, ఆ పొడుగాటి హాల్లో లాకర్ల పక్కన పిల్లలంతా చూస్తుండగా పరిగెత్తాను. కోచ్ గది తలుపు దగ్గరగా వేసి ఉంది. తోసేశాను.

అనుదీప్ నేను కూర్చున్న కుర్చీలోనే కూర్చున్నాడు. చేతులు ఒళ్ళో పెట్టుకుని బుద్ధిగా ఉన్నాడు. కోచ్ బల్లకి అవతల నిలబడి ఉన్నాడు.

"నేను పొరబడ్డానండీ" అన్నాను ఎగశ్వాసతో. "ఆ పుట్టింది వేరే పిల్లాడు. మా ఇంకో ఆడపడుచు కొడుకు. ఇప్పుడే గుర్తొచ్చింది. వీడు పుట్టింది తొంభై నాలుగులోనే. నాదే పొరపాటు."

నాకు ఇంకో ఆడపడుచు లేదు. మా ఆయనకి గౌరి వదిన ఒక్కతే అక్క.

కోచ్ నా వైపు చూశాడు. కోపంగా కాదు, జాలిగా.

"మ్యామ్, నేను అతనికి అదే చెప్పాను. మీ అత్తయ్య పొరబడి ఉండచ్చు, నువ్వు కాదంటే ఈ విషయం ఇక్కడితో అయిపోతుంది అన్నాను. రెండుసార్లు చెప్పాను."

నేను అనుదీప్ వైపు తిరిగాను. "ఏమన్నావురా?"

వాడు లేచి నిలబడ్డాడు. పెద్దవాళ్ళు నిలబడి ఉంటే కూర్చోడు, తణుకులో నేర్చుకున్న అలవాటు. మొహంలో నా మీద ఇసుమంత కోపం లేదు. అదే ఉంటే భరించేదాన్ని.

"మా అత్త అబద్ధం చెప్పదు సార్, అన్నాను అత్తా."

నేను కుర్చీలో కూలబడ్డాను. కోచ్ ఫోన్ ఎత్తి నంబర్ నొక్కడం మొదలుపెట్టాడు.